శిలాతోరణం పక్కన జువ్వి చెట్టు

తిరుమల కొండ మీద జీపుకి మనిషికి మూడొందలన్నాడు, పైగా ఒక్కో చోట ఇరవై నిమిషాలే ఆపుతాడంట, పోయినసారి ఇంత లేదే అని చిర్రెత్తుకొచ్చింది, అయినా శిలాతోరణం (సహజంగా తోరణంలా ఏర్పడిన బండ) కోసం ఎక్కేశా. దర్శనం సంగతి ఇక్కడ రాయట్లేదు.

తోరణం ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, రాయి వయసు సుమారు 150 కోట్ల ఏళ్ళంటారు. జనమంతా గ్రిల్ దగ్గర సెల్ఫీల్లో ఉన్నారు, నేనేమో పక్క బండ నెర్రెలో మొలిచిన జువ్వి దగ్గరే ఆగిపోయా. మోకాలెత్తు లేదు, మాను మాత్రం నా ముంజేయంత లావు, వేళ్ళు బండని పట్టుకుని కిందికి దిగినాయి. మా మిద్దె మీద పదకొండేళ్ళుగా ఒక జువ్విని బోన్సాయ్‌గా రాయి మీద కూర్చోబెట్టి, వైరు చుట్టి, వేళ్ళు కత్తిరించి ఏ రూపం కోసం తిప్పలు పడుతున్నానో అదే ఇక్కడ ఎదురుగా ఉంది!

చైనాలో జాంగ్‌హువాయ్ యువరాజు సమాధి గుర్తొచ్చింది. క్రీ.శ. 706 నాటిది, 1970ల మొదట్లో తవ్వితే గోడ మీద బొమ్మ బయటపడింది, పళ్ళెంలో చిన్న రాళ్ళు, చిన్న మొక్కలు పెట్టి సేవకులు మోసుకెళ్తున్నట్టు. బోన్సాయ్ అంటే జపానే అనుకుంటాం, దానికి ముందే చైనాలో పెంజింగ్ ఉంది, తొట్టిలో చిన్న చెట్లు, రాళ్ళతో ప్రకృతి దృశ్యం కట్టే కళ, అందులో రాయికి కూడా చెట్టంత విలువ. చెట్టు చచ్చిపోతుంది, తొట్టి పగిలిపోతుంది, ఆ తవ్వకమే లేకపోతే ఇంత పాత ఆనవాలు మనకెక్కడిది.

"సామీ, టైమైపోతా ఉంది, ఆ చెట్టునేంది అట్ల చూస్తా ఉండారు?" అన్నాడు డ్రైవరు. చెప్పా. కోప్పడతాడనుకుంటే దిగొచ్చి తనూ వంగి చూశాడు, "నేను ఈడికి రోజూ వస్తా, దీన్ని ఎప్పుడూ చూళ్ళేదు సామీ" అన్నాడు. మూడొందల కోపం అప్పుడు పోయింది.

దిగేటప్పుడు బస్సులో కిటికీ సీటు కోసం పక్కాయన్ని "అన్నా, కాస్త జరుగుతారా" అని బతిమాలుకున్నా. ఘాట్ రోడ్డులో ఆ రాళ్ళ గీత చూడాలి కదా, కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) పొరలు, మధ్యలో ఉండాల్సిన సుమారు 80 కోట్ల ఏళ్ళ నాటి రాయే లేదు. పోయిన కాలం అంతా ఒక గీతలా కనిపిస్తుంది. బోన్సాయ్‌లో మేం చచ్చిన కొమ్మని తీసెయ్యకుండా బెరడు ఒలిచి తెల్లగా ఉంచుతాం, జిన్ అంటారు, చెట్టు ఏం పోగొట్టుకుందో చూసేవాళ్ళకి తెలియాలని.

నా జువ్విలో పోయినేడు ఎండిన కొమ్మ ఒకటుంది, కోసేద్దామనుకున్నా. జువ్విలో ఎండుకట్టె తొందరగా పుచ్చుతుంది, అయినా సరే, ఈ ఆదివారం పుచ్చకుండా సున్నం గంధకం ద్రావణం పూసి ఉంచి చూస్తా.