ఫ్యాను వేసిన ప్లాను

మన బ్యాచ్ సమ్మేళనం సంచిక కమిటీ వాళ్లు రెండు పేజీలు దాటొద్దన్నారు. మన లీడర్ ఫోన్ చేసి, "మళ్లీ హిస్టరీ మేడమ్ గురించేగా?" అంది. అవును, ఆవిడ గురించే. మొదటి ఏడాది పొట్టి రాస్తున్నాడట, హాస్టల్ సమ్మె సంగతి వాడెలాగూ వదలడు. రెండో ఏడాది ఎలా గడిచిందో నాకు గుర్తే లేదు. మూడో ఏడాది అంటే మాత్రం సెమినార్ గదే.

"చెప్పేదేంటో ఒక్క వాక్యంలో చెప్పు, తర్వాత పెన్ను పట్టు." ఇది చదవగానే మీకు ఆవిడ గొంతే వినపడి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాకు మించి చోటు దొరకని మిశ్రమ వారసత్వ సమాజాల మీద ఆ ఏడాది మన చేత వ్యాసాలు రాయించారు. బుల్లెట్ గరిఫునాలను తీసుకున్నాడు. ఆఫ్రికన్లూ కరీబియన్ మూలవాసులూ కలగలిసిన ఈ సెయింట్ విన్సెంట్ దీవి జనాన్ని బ్రిటిష్ వాళ్లు 1797లో ఓడలెక్కించి హోండురాస్ తీరంలోని రొవాటాన్ దీవిలో దింపేశారు. 2001లో వాళ్ల భాష, నృత్యం, సంగీతాలకు యునెస్కో గుర్తింపు వచ్చింది. వాడి ప్లాను నిండా తేదీలే. మేడమ్ చూసి, "బాబూ, టైంటేబుల్ బాగుంది. ఇంతకీ నువ్వేమంటావు?" అన్నారు. బుల్లెట్ అన్న పేరు ఆ రోజుతో సరి, వాడు టైంటేబుల్ అయిపోయాడు.

నేనూ సైలెంటూ కలిసి ఆంగ్లో-ఇండియన్లనూ, యూరోపియన్లూ అక్కడి మూలవాసులూ కలగలిసిన కెనడా మేటీలనూ తీసుకున్నాం. ఒక్కో చీటీ మీద ఒక్కో పాయింటు రాసి, పొడవాటి బల్ల మీద పుట్టుక, భాష, ఉద్యోగాలు, వేషధారణ, చట్టం అనే వరసలో పేర్చి, ఎగరకుండా సుద్దముక్కలు పెట్టాం. ఇంతలో కరెంటొచ్చింది. ఆ గది ఫ్యానుకు రెగ్యులేటర్ ఉండేది కాదుగా! చీటీలు గది నిండా ఎగిరాయి, రెండు లీడర్ బెంచీ కిందకు పోయాయి. ఏరబోతుంటే మేడమ్ ఆపారు. "ఆగండి. ఎలా పడ్డాయో అలాగే తియ్యండి."

ముందు చేతికొచ్చింది రాజ్యాంగం 366(2) అధికరణ చీటీ. దాని ప్రకారం ఆంగ్లో-ఇండియన్ కావాలంటే తండ్రి గానీ తండ్రి వైపు పురుష పూర్వీకుల్లో ఒకరు గానీ యూరోపియన్ సంతతివాడై ఉండాలి. తల్లి వైపు వారసత్వం లెక్కలోకి రాదు. దాని పక్కనే పడింది 2003 నాటి పౌలీ తీర్పు. అది వేట హక్కు కేసు. మేటీ అవునో కాదో తేల్చడానికి కెనడా సుప్రీంకోర్టు మూడు చూడమంది: తనను తాను మేటీ అనుకోవడం, పూర్వీకుల సంబంధం, ఇవాళ్టి సమాజం తమవాడని ఒప్పుకోవడం. మా వరసలో రెండూ అట్టడుగున ఉన్న చీటీలే.

"ఎవరు ఎవరో తేల్చాల్సింది ఎవరు? మీ వ్యాసం ఇదీ," అన్నారు మేడమ్. "గాలికి తెలిసింది, మీకెందుకు తెలీలేదర్రా?"

ఇక మిగతా చీటీలు వాటంతటవే సర్దుకున్నాయి. నామవాచకాలు ఎక్కువగా ఫ్రెంచివి, క్రియలు క్రీ అనే మూలవాసుల భాషవి అయిన మేటీల భాష మిచిఫ్, చట్టం కన్ను పడకముందే ఆ జనం తమను తాము ఒకటిగా చూసుకున్నారనడానికి సాక్ష్యమైంది. రైల్వే, కస్టమ్స్, తంతితపాలా ఉద్యోగాల్లో రాజ్యాంగం వచ్చాక పదేళ్ల పాటు ఆంగ్లో-ఇండియన్లకు ఉన్న ప్రత్యేక ఏర్పాటు 366(2) వెనకాలే నిలబడింది. నిర్వచనం మారితే ఉద్యోగమూ మారుతుంది కదా. వేషధారణ చీటీని మాత్రం మేడమ్ మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. "బాగుంది, కానీ ఈ వ్యాసానిది కాదు." సైలెంట్ ముఖం చూడాలి! ఆ చీటీ కోసం తను లైబ్రరీలో ఎంత తిరిగిందో!

రాశాక కూడా వదిలిపెట్టలేదు. ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో దాని సారాంశం ఒక ముక్కలో రాయించారు. ఆ ముక్కలు మాత్రమే చదివితే కథ నడవాలి. నడవని చోట పేరా జరపాలి, లేదంటే తీసెయ్యాలి.

2020 జనవరిలో రాజ్యాంగం 104వ సవరణ అమల్లోకి వచ్చి, లోక్‌సభకు ఆంగ్లో-ఇండియన్లను ఇద్దరి దాకా నామినేట్ చేసే పద్ధతి ఆగిపోయినప్పుడు గ్రూపులో మొదటి మెసేజ్ టైంటేబుల్‌దే. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 296 మందేనని మంత్రి పార్లమెంటులో చెప్పారు. ఆ సమాజం ఆ అంకెను ఒప్పుకోలేదు. "ఎవరు లెక్కపెట్టారు, ఏమడిగి లెక్కపెట్టారు?" అని వాడు రాస్తే, కింద అందరూ మేడమ్ పేరే పెట్టారు.

నా సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు పరిశోధక విద్యార్థులకు థీసిస్ ప్లాన్ చేయడం నేర్పుతున్నాను. చీటీలతోనే. ఈ మధ్య నా దగ్గర చేసిన అమ్మాయికి రైల్వే కాలనీల మీద డాక్టరేట్ వచ్చింది. మేడమ్‌కి ఫోన్ చేసి చెబితే, మార్జిన్‌లో రాయించావా అని అడిగారు. రాయించానన్నాను. గట్టిగానే అన్నాను.

ఇంకో విషయం. మా చీటీల కట్ట చివరిసారి పొట్టి చేతిలో చూశాను. ఒరేయ్, సమ్మేళనానికి వచ్చేటప్పుడు పట్టుకురా.