రాళ్ల వలయంలో ఊరు: ఏవ్‌బరీ చుట్టూ ఒక రోజు నడక

లండన్ పాడింగ్టన్ నుంచి స్విండన్‌కు రైల్లో సుమారు గంట. అక్కడ 49వ నంబరు బస్సెక్కితే ఏవ్‌బరీలో రెడ్ లయన్ పబ్బు దగ్గరే దింపుతుంది. దిగిన చోటే చుట్టూ నిలువురాళ్లు. సుమారు 28 ఎకరాలను చుట్టిన మట్టికట్ట, దాని లోపల కందకం, కందకం అంచున రాళ్ల వరస, వాటి మధ్యలో సగం ఊరు, ఊరిని చీల్చుకుంటూ పోయే వాహనాల రోడ్డు. ఇంగ్లాండులోనే పేరున్న మరో రాళ్ల వలయం స్టోన్‌హెంజ్‌లో టికెట్ కొని దూరం నుంచి చూడాలి. ఇక్కడ వలయానికి టికెట్ లేదు, రాళ్లను చేత్తో తాకొచ్చు. డబ్బు కట్టాల్సింది కారు పార్కింగుకు, మ్యూజియానికి, మేనర్ అనే పాత జమీందారీ భవనానికి.

దిగగానే మేము వలయం జోలికి పోలేదు, ముందు పొలాల బాట పట్టాం. పెద్ద చుట్టు దాదాపు 10 కిలోమీటర్లు, ఆగుతూ నడిస్తే నాలుగు గంటలు. దక్షిణపు దారి నుంచి వెస్ట్ కెన్నెట్ అవెన్యూ మొదలవుతుంది: జతలు జతలుగా నిలబెట్టిన రాళ్ల బాట, ఓవర్టన్ హిల్ దాకా దాదాపు రెండున్నర కిలోమీటర్లు. కొస దగ్గర సాంక్చువరీ అనే చోట ఇప్పుడు మిగిలింది గుంతల ఆనవాళ్లు చూపే కాంక్రీటు దిమ్మెలే. ఓపిక తక్కువైతే దీన్ని వదిలేయొచ్చు.

వదలకూడనిది వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో. ఏ4 రోడ్డు పక్క నుంచి పొలం గట్టున పావుగంట ఎక్కాలి. క్రీ.పూ. 3650 ప్రాంతపు సమాధి ఇది. దిబ్బ పొడవు 100 మీటర్లున్నా లోపలికి నడవగలిగేది మొదటి పది పన్నెండు మీటర్లే. అందులో ఐదు గదులు. ముఖద్వారాన్ని పెద్ద బండలతో మూసేశారు కాబట్టి వాటి వెనక నుంచి దూరాలి. లోపల చీకటి, వాన పడితే నేలంతా బురద. ఫోన్ లైటు వేసుకోండి. కొందరు గూళ్లలో కొవ్వొత్తులు వెలిగించి పోతుంటారు. మసి పట్టడమే కాదు, సార్సెన్ రాయి (ఇక్కడి నిలువురాళ్లకు వాడిన గట్టి ఇసుకరాయి) వేడికి చిట్లుతుంది. ఆ సంగతి ఈ ఊరికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు, ఎందుకో కింద చెప్తాను.

తిరుగుదారిలో సిల్బరీ హిల్. సుమారు 30 మీటర్ల ఎత్తున మనుషులు సుద్దరాయి పోసి కట్టిన గుట్ట, కాలం క్రీ.పూ. 2400 ప్రాంతం. లోపల ఏదో సమాధి ఉంటుందని 1776లో పైనుంచి బావిలా తవ్వారు. ఏమీ దొరకలేదు. ఆ తవ్వకమే 2000లో కుంగి శిఖరాన గొయ్యి తేలింది. 2007–08లో సుద్దతో పూడ్చారు. ఎక్కడం నిషేధం, కంచె దాటకండి. గుట్ట పక్క కాలిబాట శీతాకాలంలో నీట మునుగుతుంది. తడిసిన సుద్దనేల సబ్బులా జారుతుంది, మామూలు స్పోర్ట్స్ షూ పనికిరావు.

వలయానికి తిరిగొస్తే నైరుతి భాగంతో మొదలుపెట్టండి. బయటి వలయంలో ఒకప్పుడు వంద దాకా రాళ్లుండేవి, ఇప్పుడు దాదాపు మూడో వంతే నిలబడి ఉన్నాయి. పోయినవి రెండు రకాలుగా పోయాయి. మధ్యయుగంలో పక్కనే గొయ్యి తీసి అందులోకి కూల్చి పూడ్చేశారు. 1938లో అలాంటి ఒక రాయి కింద అస్థిపంజరం, దానితో పాటు కత్తెర, శస్త్రం లాంటి పనిముట్టు, 14వ శతాబ్దం తొలినాళ్ల నాణేలు బయటపడ్డాయి. క్షురక వైద్యుడై ఉంటాడని, రాయి పడి నలిగిపోయాడని చాలాకాలం అనుకున్నారు. ఎముకలను మళ్లీ పరీక్షిస్తే నలిగిన గుర్తులు తేలలేదు.

రెండో రకం నష్టం పూడ్చలేనిది. 17, 18 శతాబ్దాల్లో రాయి కింద గడ్డి మంట పెట్టి, బాగా కాగాక చన్నీళ్లు గీతలా పోసి, ఆ గీత మీద సుత్తితో కొట్టేవారు. ముక్కలు ఇళ్లకూ ప్రహరీలకూ పోయాయి. పాత కట్టడాలను పరిశోధించిన విలియం స్టూక్లీ 1720ల్లో దీన్ని కళ్లారా చూసి బొమ్మలు గీశాడు. కాబట్టి ఊరి గోడల్లో బూడిదరంగు సార్సెన్ ముక్క కనిపిస్తే అది కూడా వలయంలో భాగమేనేమోనని చూడాలి. మార్మలేడ్ వ్యాపారపు వారసుడు అలెగ్జాండర్ కైలర్ 1930ల్లో పూడ్చిన రాళ్లను లేపి నిలబెట్టాడు, పగలగొట్టిన వాటి చోట కాంక్రీటు గుర్తులు పెట్టాడు. అందుకోసం వలయంలోని ఇళ్లు కొన్ని కూల్పించాడు. ఒకప్పుడు ఊరు రాళ్లను తింటే, తర్వాత రాళ్లు ఊరిని తిన్నాయి. 1943లో అంతా వారసత్వ కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది.

ఉత్తర ద్వారం దగ్గరి స్విండన్ రాయి ఎన్నడూ పడలేదంటారు. రోడ్డుకు ఆనుకునే ఉంది. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయకండి, కార్లు దగ్గరగా పోతాయి.

సెయింట్ జేమ్స్ చర్చి వలయానికి బయట, పడమట. తలుపు గట్టిగా ఉంటే తాళం వేశారనుకోకండి, ఇనుప కడియం తిప్పి తోయాలి. వచ్చేటప్పుడు మూయాలి, లేకుంటే పక్షులు దూరతాయి. గోడ పైభాగాన చిన్న గుండ్రటి కిటికీలు నార్మన్లకు ముందు, శాక్సన్ల కాలానివి. బాప్తిస్మపు తొట్టి మీద బిషప్పు, అతని కాళ్ల దగ్గర సర్పాల్లాంటి జంతువులు చెక్కి ఉన్నాయి. అసలు చూడాల్సింది చర్చిలో పూజపీఠం ఉండే భాగానికి ముందున్న చెక్క అటక (రూడ్ లాఫ్ట్). మతసంస్కరణ కాలంలో ఇలాంటివి ఇంగ్లాండంతటా పీకేశారు. దీన్ని మాత్రం గోడ చాటున దాచారు, 1810లో బయటపడింది.

రెడ్ లయన్ 17వ శతాబ్దపు ఇల్లు, గడ్డి కప్పు. లోపల 86 అడుగుల బావి, పైన అద్దం బిగించి బల్లగా వాడుతున్నారు. పబ్బు కొత్తవాళ్లకు నాలుగు మాటలు: ముందు బల్ల నంబరు చూసుకుని కౌంటర్ దగ్గరికే వెళ్లి ఆర్డరిచ్చి, అక్కడే డబ్బు కట్టాలి. చేతి పంపుతో పోసే ఏల్ అనే బీరు నేలమాళిగ చల్లదనంతోనే, 12 డిగ్రీల ప్రాంతంలో వస్తుంది; చల్లగా లేదని తిప్పి పంపకండి. పైంటంటే 568 మిల్లీలీటర్లు, రుచి చూడటానికి సగం చాలు. మద్యం వద్దనుకుంటే లైమ్ అండ్ సోడా చవక. చాలా ఊరి పబ్బుల్లో వంట రెండున్నరకల్లా ఆగి మళ్లీ ఆరింటికి మొదలవుతుంది, కాబట్టి నడక పదింటికే మొదలుపెట్టండి. ఆదివారం రోస్ట్‌కు (కాల్చిన మాంసంతో పెట్టే భోజనం) ముందే బల్ల చెప్పుకోవాలి. సాయంత్రం బస్సులు తక్కువ. ఆఖరి బస్సు వేళ దిగిన వెంటనే స్టాపులో చూసుకోండి.