బాపుకు వేసిన స్టెంటు, చిన్నాయినకు వేయని స్టెంటు

పోయిన కార్తీక మాసంలో హన్మకొండ పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కుతుండగా, నర్సంపేటలో ఉండే మా చిన్నాయినకు ఛాతీ బరువెక్కింది. కాసేపు కూర్చుంటే తగ్గింది. నడిచిన ప్రతిసారీ అదే జరుగుతుండటంతో యాంజియోగ్రాం తీయించాము. ఒక రక్తనాళంలో బ్లాక్ ఉందని చెప్పిన డాక్టరు, నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం, అంటే స్టెంటు, వేయకుండా మాత్రలు రాసి పంపారు. "అన్నకు స్టెంటు వేసిండ్రు గదా బిడ్డా, నాకెందుకు వేస్తలేరు?" అని చిన్నాయిన అడిగితే ఆ పూట నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

బాపుకు వచ్చింది గుండెపోటు. నాళం గోడలో పేరుకున్న కొవ్వు చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టి, ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంటుంది కనుక, మణికట్టు నుండి సన్నని గొట్టం పంపి, బెలూనుతో దారి తెరిచి, స్టెంటు నిలపడం ప్రాణం కాపాడే పని. ఏటూరునాగారం వంటి చోట్ల నుండి రెండు గంటల్లోపు క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఇలా గొట్టం పంపి చికిత్స చేసే గదిలో, నాళం తెరిపించడం కుదరదనుకుంటే, దగ్గరి ఆసుపత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షను చేయించుకొని తర్వాత బయలుదేరడం మేలు. ఈ సంగతి మన పల్లెల్లో ఇంకా చాలామందికి తెలియకపోవడం నన్ను బాధిస్తుంది.

1977లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ తొలిసారి గుండె నాళాన్ని బెలూనుతో తెరిచారు. అలా తెరిచిన నాళాలు మళ్లీ మూసుకుపోతుండటంతో 1986లో స్టెంట్లు, ఆ తరువాత మందు పూసిన స్టెంట్లు వచ్చాయి.

చిన్నాయినది నిలకడగా ఉన్న నొప్పి. ఇలాంటి 5,179 మందిపై జరిపి 2020లో ప్రచురించిన ఇస్కీమియా అధ్యయనంలో, మందులతో పాటు ముందుగానే స్టెంటో బైపాసో చేయించుకున్నవారికీ, మందులతోనే మొదలుపెట్టినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నాకు మొదట ఇది నమ్మశక్యం కాలేదు. అయితే గుండెపోటు తెచ్చే కొవ్వు చాలాసార్లు యాంజియోగ్రాంలో పెద్దగా కనిపించే ఇరుకు దగ్గర కాక, నాళంలో మరోచోట చిట్లుతుంది. స్టెంటు వేసిన చోటునే తెరుస్తుంది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు నాళాలన్నింటిలోని కొవ్వునూ కుదుటపరుస్తాయి. ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నవారిని, గుండె బాగా బలహీనపడినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు కనుక ఈ మాట వారికి వర్తించదు. కూర్చున్నా నొప్పి వస్తే, రోజురోజుకూ పెరుగుతుంటే ఆగకుండా ఆసుపత్రికి పోవలసిందే.

"మరి మాత్రలతోని నొప్పి తగ్గకపోతే?" అని చిన్నాయిన మొన్న అడిగారు. స్టెంటు వేసినట్లు డాక్టర్లు నటించి, నిజానికి వేయని వారితో పోల్చి చూసిన ఆర్బిటా-2 అధ్యయనంలో, నిజంగా వేసినవారికి నొప్పి ఎక్కువగా తగ్గిందని 2023లో తేలింది కనుక, అప్పుడు ఆ ఉపశమనం కోసం స్టెంటు అడగడం సబబేనని చెప్పాను. ఇప్పుడాయన ఏ రోజు ఎంత దూరం నడిస్తే నొప్పి వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నారు. వచ్చే నెల డాక్టరు దగ్గరికి దానిని తీసుకుపోతాము.