బెంచీ మీద గుడ్లగూబ

కలివికోడి అనే అరుదైన రాత్రి పక్షి కూత వినాలని మార్చి మొదటి వారంలో కడపకు బయలుదేరిన నాకు ఆ ప్రయాణంలో బాగా గుర్తుండిపోయినది కలివికోడి కాదు, లంకమల అభయారణ్యం హద్దుకు చాలా ఎడంగా ఉన్న ఒక కంకర క్వారీలో గడిచిన మూడు గంటలు. అభయారణ్యంలోకి వెళ్ళడానికి అనుమతి పత్రం కావాలి. సంతకం చేయవలసిన అధికారి సెలవులో ఉన్నారని, రేపు రమ్మని చెప్పారు. రేపు అంటే మరో రోజు లాడ్జి అద్దె. ఆ చిరాకులో ఉండగా, నాతో పనిచేసే మిత్రుడొకరు ఫోన్ చేసి, తన బంధువు ఒకాయన సిద్ధవటం దాటాక ఒక క్వారీలో మేటుగా, అంటే కూలీల మీద పెద్దగా, ఉన్నాడని, ఊరికే కూర్చునే బదులు అక్కడికి వెళ్ళి రమ్మని సలహా ఇచ్చాడు. బద్వేలు బస్సు దిగిన చోట నుంచి క్వారీకి ఆటో అతను ఏడు వందలు అడిగాడు. ఎండలో బేరమాడే ఓపిక లేక ఒప్పుకొన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

క్వారీ అంటే నా ఊహలో దుమ్ము, క్రషర్ మోత, టిప్పర్ల వరుస. అవన్నీ అక్కడ ఉన్నాయి. క్వారీలో రాయిని మెట్లు మెట్లుగా కోస్తారు; ఒక్కో మెట్టును బెంచీ అంటారు. అయితే మూడో బెంచీ వైపు నేను నాలుగు అడుగులు వేశానో లేదో వెనుక నుంచి కేక వినిపించింది. "సార్, ఆ తట్టు పోవాకండి!" పేలుడు మందు పెట్టారేమోనని గుండె ఆగినంత పనయింది. మేటు గారు నింపాదిగా వచ్చి, కొలతలకు వాడే ఎర్ర రిబ్బను ఒకటి రెండు గూటాలకు కట్టి ఉండడం చూపించి, దాని అవతల గుడ్లగూబ పిల్లలు ఉన్నాయని చెప్పారు. మేము రాళ్ళ కుప్ప చాటున కూర్చున్నాము. నిలువుగా కోసిన రాతి ముఖంలో, మనిషి ఎత్తుకు రెండింతల పైన, ఒక అరుగు లాంటి చోట మాసిన తెల్లటి నూగుతో రెండు పిల్లలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. గూడు అంటూ పుల్లా పుడకా ఏమీ లేదు; ఈ జాతి గుడ్లగూబ రాతి అరుగు మీదనో, మట్టి కోత మీదనో నేల మీదే గుడ్లు పెడుతుంది. మా అలికిడికి పెద్ద పిల్ల ఒళ్ళు పొంగించి, ముక్కును టకటకలాడించింది. తల్లి ఎక్కడ ఉందో నాకు కనిపించలేదు గానీ, ఎదుటి తుమ్మ చెట్టులో నారింజ రంగు కన్నొకటి మా మీదే ఉందని మేటు గారు వేలు పెట్టి చూపించకుండానే చెప్పారు. కింద గుడ్లగూబ అరగక కక్కిన బూడిద రంగు ఉండలు రాలి ఉన్నాయి. ఒకదానిని పుల్లతో విడదీస్తే వెంట్రుకల మధ్య ఎలుక దవడ ఒకటి, పళ్ళతో సహా, చెక్కుచెదరకుండా బయటపడింది.

జనవరిలో గుడ్లు కనిపించిన రోజు నుంచి ఆ బెంచీలో రాతికి రంధ్రాలు వేసే కంప్రెసర్ పెట్టలేదట. వన్యప్రాణి చట్టంలో గుడ్లు పాడుచేయడమే కాదు, గూటిని కదిలించడం కూడా వేట కిందకే వస్తుందని ఆయనకు తెలుసు. 1972 నాటి చట్టం ఆ మాట స్పష్టంగానే అంటుంది. యజమాని ఎలా ఒప్పుకొన్నాడని అడిగితే, కింది బెంచీలో రాయి ఇంకా ఉంది కాబట్టి ఒప్పుకొన్నాడని దాపరికం లేకుండా చెప్పారు. గుడ్లగూబ అరిష్టమని కూలీలు మొదట్లో గొణిగారట. ఇప్పుడు టిప్పర్ డ్రైవర్లు సాయంత్రం ఆగి పిల్లలను చూసి పోతున్నారట.

నాకు మా ఊరు గుర్తుకొచ్చింది. కృష్ణ ఒడ్డున, నిలువుగా తెగిన ఇసుక గట్టులో పసరిక పిట్టలు బొరియలు తవ్వి పిల్లలను పెట్టేవి. మేము మోచేతి దాకా చేయి దూర్చి తల్లుల చేత చీవాట్లు తినేవాళ్ళం. తరువాత అక్కడ ఇసుక రీచ్ వచ్చింది. విచిత్రమేమిటంటే, యంత్రాలు ఇసుకను కోసిన కొద్దీ కొత్త నిలువు గట్లు తయారై, పిట్టలు మునుపటి కంటే ఎక్కువగా వచ్చాయి. అవి బొరియ తవ్వడం పూర్తి చేసేసరికి యంత్రం బకెట్టు మళ్ళీ అక్కడికే వచ్చేది. గుడ్లగూబకు ఈ అరుగును ఇచ్చినది కూడా ఏనాటిదో ఒక పేలుడే. ఆ సంగతి అంటే మేటు గారు నవ్వి, రెండేళ్ళ కిందట తానే పేల్చానని చెప్పారు.

మరునాడు అనుమతి వచ్చింది. ఆ రోజంతా నడిచినది, తిన్నది చెప్పుకోవలసినంత ఏమీ లేదు. సూర్యుడు దిగాక ఒక బాట పక్కన రేగు, కలివి పొదల మధ్య కూర్చున్నాము. ఈ పక్షి ఇక లేదని అనుకొన్న చాలా కాలానికి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. దానికి దట్టమైన అడవి పనికిరాదు, బయలూ పనికిరాదు. దాని అడుగుజాడల కోసం మెత్తటి మట్టి పరిచి పరిశోధించినవారు తేల్చినదేమంటే, హెక్టారుకు రెండు మీటర్లు మించిన పొదలు 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోట అది ఎక్కువగా తిరుగుతుంది. మేకలు మితంగా మేస్తే పొదల మధ్య ఆ ఎడం నిలుస్తుంది. అదే నేలను రాయి కోసమో, 2005లో జరిగినట్టు కాలువ కోసమో యంత్రం ఒకసారి చదును చేస్తే, మేటు గారి క్వారీలో గుడ్లగూబకు దొరికినట్టు దీనికి మారుగా ఏమీ దొరకదు. అభయారణ్యాల హద్దు నుంచి ఒక కిలోమీటరు లోపు గనుల తవ్వకం కూడదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది గానీ, ఆ హద్దు ఎక్కడుందో పిట్టకు తెలియదు కదా.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గుడ్లగూబకు కట్టినట్టు రిబ్బను కట్టడానికి కలివికోడి గూడు ఎక్కడుందో తెలియాలి. శాస్త్రజ్ఞులకు దొరికిన గుడ్డు ఒకే ఒకటి, అదీ 1917 నాటిది. కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన మీటన్ అనే పశువైద్యుడు సేకరించిన ఆ గుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో బయటపడి, 2013లో డీఎన్‌ఏ పరీక్షతో కలివికోడిదేనని రుజువైంది. చీకట్లో కూర్చుని నేను ఆ గని గురించే ఆలోచిస్తూ ఉన్నాను. తీతువు ఒకటి అరుచుకుంటూ పోయింది. గంటన్నర చూశాము. కలివికోడి కూయలేదు.

ఏప్రిల్ చివరలో మేటు గారు ఫోన్ చేశారు. పిల్లలు రెండూ ఎగిరిపోయాయని, తుమ్మ చెట్టు మీద కనిపిస్తున్నాయని సంతోషంగా చెప్పి, కాసేపు ఆగి, "కింది బెంచీలో రాయి అయిపోయింది సార్, సోమవారం ఆడ మందు పెడతాండాం" అన్నారు.