మూడు చిన్నవి, ఒక పెద్దది

ఆదివారం. జెనీవా నుంచి వచ్చి పదహారు రోజులైనా అమ్మమ్మను చూడలేదని ఇంట్లో దెప్పుతూనే ఉన్నారు. ఇక తప్పక ఈరోజు పొద్దున్నే హనుమకొండలో పరకాల బస్సు ఎక్కాను. సీటు దొరికింది. అదే పెద్ద సంతోషం.

అమ్మమ్మ ఊళ్లో అప్పటికే చాటింపు వేసేసింది, మనుమరాలు ఫారిన్ల డాక్టరని. నేను డాక్టర్ని కాను, పబ్లిక్ హెల్త్ చదివాను, ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చాను. ఈ మాట వాకిట్లో కూర్చున్న నలుగురికీ చెప్పడం నావల్ల కాలేదు.

"మరి ఆడ ఏం పని జేసినవ్ బిడ్డా?"

"బోదకాలు లెక్కలు చూసిన అమ్మమ్మా."

"బోదకాలు జూసెతందుకు గంత దూరం పోవాల్నా? మీ చిన్నమ్మమ్మ ఇంటికి పోతె సరిపోవు గద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

నిజానికి అక్కడ నేను చూసింది ఎక్సెల్ షీట్లే. దేశాలు పంపిన ఫారాల్లో రోగం లేనివాళ్లకూ ఏటా ఇచ్చే బోదకాలు గోలీలు ఏ జిల్లాలో ఎంతమందికి ఇచ్చారో సరిచూడటం నా పని. ఒకరోజు ఒక గడి ఖాళీగా ఉంటే సున్నా వేశాను. మా సూపర్‌వైజర్ కుర్చీ నా పక్కకు లాక్కుని మరీ చెప్పింది: ఖాళీ అంటే లెక్క రాలేదని, సున్నా అంటే ఎవరికీ ఇవ్వలేదని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. భోజనాల టైములో బయటికొస్తే ఆవరణలో ఒక విగ్రహం కనిపించేది. చూపులేని మనిషిని ఒక పిల్లాడు కర్ర పట్టుకుని నడిపిస్తుంటాడు. ఆఫ్రికాలో నల్ల ఈగల వల్ల వచ్చే అంధత్వానికి గుర్తుగా పెట్టారు. దానికి వాడే మందు ఐవర్‌మెక్టిన్‌నే బోదకాలు ఉన్న కొన్ని ప్రాంతాల్లో అప్పటికే ఇస్తున్న రెండు మందులతో కలిపి ఇవ్వమని 2017లో ఆ సంస్థ చెప్పింది.

ఇంకో సంగతి. 2020కి ముందైతే అక్కడ ఇంటర్న్‌లకు పైసా ఇచ్చేవారు కాదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేశాక భత్యం మొదలైంది. అది లేకపోతే ఆ ఊరి అద్దెలకు బాపు జీతం ఏ మూలకీ వచ్చేది కాదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మమ్మ తలనొప్పి గోలీ కోసం తన రేకు డబ్బా తీయమంది. సూదులు, పాత కరెంటు బిల్లులు, జండూబామ్. అన్నిటికంటే అడుగున పాత పేపరు ముక్కలో చుట్టిన పొట్లం. విప్పితే నాలుగు గోలీలు. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. చూడగానే గుర్తుపట్టాను. బోదకాలు పురుగులకు ఇచ్చే ఆ రెండు మందులే: పెద్దవాళ్లకు డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి. నా షీట్లలో ఇదే ఒక మనిషి లెక్క.

"ఇవి మింగలేదా?"

"ఎందుకు మింగుత? నా కాలు మంచిగనే ఉన్నది. అంతకుముందు ఏడాది మింగిన పక్కింటామె జరమొచ్చి రెండు రోజులు మంచం పట్టింది. ఇచ్చిన పిల్ల మంచిది, పాపం, ఇంక యాభై ఇండ్లు తిరగాలన్నది. తర్వాత మింగుతనని చెప్పి దాసిపెట్టిన."

రిజిస్టర్‌లో మా అమ్మమ్మ పేరు పక్కన టిక్కు పడే ఉంటుంది. ఊరి మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగితేనే ఆ విడత పనిచేసినట్టు. ఇచ్చినవాళ్లు కాదు, మింగినవాళ్లు. అందుకే ఎదురుగా మింగించమంటారు. చేతిలో పెట్టి వెళ్లిపోతే, ఇదిగో, డబ్బాలోకి చేరతాయి. ఇదంతా నేను రిపోర్టుల్లో చదివినదే, కాకపోతే డబ్బా మా ఇంట్లోదని అనుకోలేదు.

జ్వరం ఎందుకొచ్చిందో అమ్మమ్మకు చెప్పాను. రక్తంలోని పిల్ల పురుగులు చస్తున్నప్పుడు అలా అవుతుంది, అంటే మందు పనిచేస్తున్నట్టే అన్నాను. "గట్ల జెప్పినోళ్లు లేరు మల్ల," అంది.

సాయంత్రం చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. ఎడమ కాలు మోకాలి దాకా వాచి, చర్మం గట్టిపడి ఉంది. ఆమె గోలీలు ఏ ఏడూ తప్పకుండా మింగింది. కాలు తగ్గలేదు. తగ్గదు కూడా, ఆ మందు దోమల ద్వారా ఇంకొకరికి పాకకుండా ఆపడానికే తప్ప వచ్చిన వాపును తీసేది కాదు. కానీ ఆమె కాలు చూసి వీధిలో వాళ్లు "మింగి ఏం ఫాయిదా" అనుకున్నారట. ఎవరిని తప్పుపడతాం?

ఆమెకు కావాల్సింది వేరే: రోజూ సబ్బుతో కడగడం, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం. పుండు పడి చీము పట్టకుండా ఉంటే జ్వరాలు తగ్గుతాయి. చెబుతుంటే శ్రద్ధగానే విన్నది. తర్వాత కాలు కడిగి, చీర చెంగుతోనే తుడుచుకుంది. పింఛన్ డబ్బుల్లో టవల్ కొనుక్కోవచ్చు కదా అంటే, "మందులకే సాలుతలేవు," అని కసిరింది.

రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాను. అమ్మమ్మ ఆ పొట్లం పారేయనివ్వలేదు, సర్కారు పైసలు పెట్టి కొన్నది కదా అని. ఆమె చూడకుండా పర్సులో వేసుకొచ్చాను. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాలి. చౌరస్తాలో మెత్తని టవళ్లు రెండు కొనాలి, ఒకటి తడిస్తే ఇంకొకటి ఉంటుంది.