నాన్న కంటిచుక్కలూ, నా రెప్ప వెంట్రుకలూ

మా నాన్నకు 71 ఏళ్లు. కుడికంటికి నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా. ఆయన చెయ్యి వణుకుతుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు ఆ కంట్లో ఒక చుక్క మందు వేసే పని నాది. ఏడాదిగా వేస్తూనే ఉన్నా, ఆయన మొహం సరిగ్గా చూసింది మాత్రం పోయిన సంక్రాంతి సెలవుల్లోనే. ఎడమకంటి రెప్ప వెంట్రుకలు ఆ వయసులో ఉండాల్సినట్టే పలచగా ఉన్నాయి. కుడికంటివి పొడవుగా, నల్లగా, పైకి వంపు తిరిగి ఉన్నాయి. ఒక కన్ను తాతగారిది, ఒక కన్ను పెళ్లికూతురిది!

"నాన్నా, ఈ కంటికి ఏమన్నా రాస్తున్నావా?" అనడిగాను. "నువ్వే కదే వేస్తున్నావు" అన్నారు.

నాకెందుకంత ఆసక్తి అంటే, అప్పటికి నా రెప్పల మీద వెంట్రుకలు దాదాపు లేవు. తోడికోడలి చెల్లెలి పెళ్లికని పార్లర్‌లో ఐలాష్ ఎక్స్‌టెన్షన్స్ పెట్టించుకున్నాను. మన వెంట్రుక ఒక్కోదానికీ ఒక్కో కృత్రిమ వెంట్రుకను జిగురుతో అతికిస్తారు. గంటన్నర కళ్లు మూసుకుని కదలకుండా పడుకోవాలి. పెళ్లి ఫొటోల్లో బాగానే పడ్డాను, అబద్ధం చెప్పను. కానీ మన వెంట్రుక రాలినప్పుడల్లా దానికి అతికించినదీ పోతుంది, ఖాళీ కనిపిస్తుంది, రెండు మూడు వారాలకోసారి రీఫిల్‌కి పరుగెత్తాలి. నేనేమో నిద్రలో కళ్లు నలుపుకునే మనిషిని. మూడోసారి వెళ్లేసరికి ఆ అమ్మాయి భూతద్దం పెట్టి చూసి, "అక్కా, అతికించడానికి అసలు వెంట్రుకలే లేవు" అంది.

ఖర్చు రాసుకునే అలవాటు నాది. మొదటిసారి 3,000, రెండు రీఫిల్స్‌కి 2,400, మిగిలినవి తీసెయ్యడానికి 500. తర్వాత భయంతో ఆన్‌లైన్‌లో తెప్పించిన 'గ్రోత్ సీరం' 1,799. బయోటిన్ అనే విటమిన్ గమ్మీలు 600. గానుగ ఆముదం 180. మూడు నెలల్లో 8,479 రూపాయలు పోసి, ఉన్న వెంట్రుకలు పోగొట్టుకున్నాను.

ఆముదం గురించి అమ్మతో ఇప్పటికీ గొడవే. రాసుకున్నప్పుడు వెంట్రుకలు మెరుస్తూ లావుగా కనిపిస్తాయి, నిజమే. పొద్దున మొహం కడుక్కుంటే మళ్లీ మామూలే. రెప్ప వెంట్రుకలను పెంచుతుందనడానికి రుజువేమీ లేదు. పైగా నాకు తెల్లారేసరికి కళ్లు జిడ్డుగా, మసకగా ఉండేవి. సీరం వెనకాల చిన్న అక్షరాలు చదివితే పెప్టైడ్లు, పాంథినాల్, మళ్లీ ఆముదమే. 180కి దొరికేదాన్ని 1,799కి కొన్నానన్నమాట.

ఇక నాన్న మందు డబ్బా తీసి చదివాను. బైమాటోప్రాస్ట్. డాలస్‌లో ఉన్న పెద్దమ్మ కూతురికి ఫొటో పెడితే, పది నిమిషాల్లో ఫోన్ చేసింది. "ఒసేయ్, ఇదే మందు ఇక్కడ రెప్పలకి రాసుకోమని వేరే పేరుతో, బ్రష్షులతో కలిపి అమ్ముతారు. చిన్న సీసా వంద డాలర్ల పైమాటే. ఈసారి వచ్చేటప్పుడు నాకూ నాలుగు తీసుకురా" అంది.

అక్క చెప్పింది నిజమే. అమెరికాలో ఈ మందుకు 2001లో నీటికాసుల కోసం అనుమతి వచ్చింది. కంట్లో వేసుకున్నవాళ్లకు రెప్ప వెంట్రుకలు పెరగడం డాక్టర్లు గమనించారు. మందుకి దుష్ప్రభావంగా రాసుకున్నదే తర్వాత సరుకైంది. 2008లో అదే 0.03 శాతం మందుకు రెప్ప వెంట్రుకల కోసం 'లాటిస్' పేరుతో అనుమతి వచ్చింది. మన దగ్గర సన్ ఫార్మావాళ్ల 'కేర్‌ప్రాస్ట్' లాంటి కంటిచుక్కల్లో ఉండేదీ ఈ మందే. రూపాయల లెక్కలో చూస్తే తేడా ఎన్నో రెట్లు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. ఇంట్లోనే మందు ఉండగా కొనడం ఎందుకని, నాన్న కంట్లో చుక్క వేశాక, పాత ఐలైనర్ బ్రష్ కడిగి, దాని మీద రెండు చుక్కలు వేసి నా రెప్పలకు రాసుకోవడం మొదలుపెట్టాను. పైసా ఖర్చు లేదు, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

మూడోవారం శనివారం రాత్రి నాన్న కంట్లో చుక్క వేశాక సీసా నొక్కితే గాలి వచ్చింది. మా వీధి మెడికల్ షాపులో స్టాకు లేదు. "ఆర్డర్ పెడతా, మంగళవారం వస్తది" అన్నాడు. నాన్న తన సీసా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసుకుంటారు. రిటైరైన లెక్కల మాస్టారు మరి. సీసా వెలుగుకేసి చూసి, "ఇది ఇంకా పది రోజులు రావాలి తల్లీ" అన్నారు. నేను నోరు మెదపలేదు. ఆదివారం ఊరంతా తిరిగి, సాయంత్రం ఆరింటికి మూసాపేట దాటాక ఒక షాపులో పట్టుకున్నాను. ఆటోకి పోను రాను 260. ఆయనకు ఒక పూట కూడా తప్పలేదు కానీ, నీటికాసుల్లో పోయిన చూపు మళ్లీ రాదన్న సంగతి దారంతా గుర్తొస్తూనే ఉంది.

ఆ వారమే నాన్న చెకప్. ఆయన ముందే డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. నాన్న ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డాక్టరమ్మ మాత్రం ఊరుకోలేదు. "మీ నాన్నగారి మందు 0.01 శాతం. రెప్పలకు వాడేది 0.03. అది అటుంచండి. ఆ బ్రష్‌కి సీసా మూతి తగిలించారా?" అనడిగారు. తగిలించి ఉంటాను. "మీ ఐలైనర్ బ్రష్ మీదున్న క్రిములన్నీ ఆయన కంట్లోకి వెళ్లినట్టే. ఈ కొత్త సీసా మీరు ముట్టుకోకండి" అని, నాకూ ఓపీ చీటీ రాయించుకు రమ్మన్నారు. 600.

ఆ 600 మూడు నెలల ముందే కట్టి ఉంటే! మైక్రోస్కోపులో చూసి ఆమె చెప్పింది ఇది: రెప్పల అంచున తెల్లటి పొట్టు ఉంది, బ్లెఫరైటిస్. తలలో చుండ్రులాంటిదే, రెప్పలకు. జిగురు భయంతో నేను రెప్పలు సరిగ్గా కడుక్కోలేదు, తర్వాత దానిమీద ఆముదం పూశాను. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువున్నా కూడా వెంట్రుకలు రాలొచ్చని టెస్టులు రాశారు. బయోటిన్ గమ్మీలు తింటున్నానంటే, అవి కొన్నిరోజులు ఆపాకే రక్తం ఇవ్వమన్నారు. బయోటిన్ ఎక్కువైతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వచ్చే అవకాశం ఉందట. టెస్టులకు 650. రెండూ నార్మల్.

"మందు రాయను. ముందు రెండు నెలలు రెప్పలు శుభ్రం చేసుకోండి" అన్నారు. పద్ధతిలో పెద్ద విశేషమేమీ లేదు. తెల్లటి నూలుగుడ్డ వేడినీళ్లలో ముంచి పిండి, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కాపడం. తర్వాత ఆమె చెప్పినట్టు పలుచన చేసిన బేబీ షాంపూతో రెప్పల అంచు మెల్లగా తుడవడం. పొద్దునా, రాత్రీ. పాత లుంగీ చింపితే గుడ్డలు వచ్చాయి. షాంపూ మా పాపదే. విసుగ్గా ఉండేది, నాలుగు రోజులు మానేశాను కూడా. కానీ ఆరోవారానికి ఎడమకంటి మూలన ఖాళీ చోట చిన్న చిన్న మొలకలు కనిపించాయి. రెండు నెలలకు సగానికి పైగా వచ్చాయి. కుదుళ్లు చెడకపోతే రాలిన రెప్ప వెంట్రుకలు వాటంతటవే తిరిగి వస్తాయి, కొన్ని వారాలో నెలలో పడుతుంది. నేను సీరం కొన్నప్పుడు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. చెప్తే ఎవరు కొంటారు!

అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు, ఆశ. కుడికంటి మీద ఒకచోట అతుకు పడినట్టు బోసిగానే ఉంది. రెండోసారి ఓపీకి (మళ్లీ 600) వెళ్లి అడిగితే, కంటి ప్రెషర్ చూసి, గర్భం గురించి, కాంటాక్ట్ లెన్సుల గురించి అడిగి, అప్పుడు రాశారు. దుష్ప్రభావాలు ఒక్కొక్కటీ చెప్పి మరీ రాశారు. కళ్లు ఎర్రబడొచ్చు, దురద పెట్టొచ్చు. రెప్ప చర్మం నల్లబడొచ్చు, మందు ఆపితే అది చాలావరకు తగ్గుతుంది. కంటిపాప చుట్టూ ఉండే రంగు ముదరొచ్చు, అది మాత్రం తగ్గదు. మనవి ఎలాగూ ముదురు గోధుమరంగు కళ్లు కాబట్టి ఎవరికీ తెలియకపోవచ్చు, లేత రంగు కళ్లవాళ్లయితే ఆలోచించుకోవాలి. కొందరికి కంటి చుట్టూ కొవ్వు కరిగి కళ్లు లోపలికి పోయినట్టు అవుతుంది. మందు కారినచోట కూడా వెంట్రుకలు మొలుస్తాయి. ఈ చివరిది విని నాకు బుగ్గల మీద మీసాలు ఊహకొచ్చాయి.

చీటీ తీసుకుని మా వీధి షాపుకే వెళ్లాను. చీటీ చూడకుండానే ఒక డబ్బా చేతిలో పెట్టాడు. "సేమ్ మేడమ్, ఇదే" అన్నాడు. సేమ్ కాదు. పేరు కింద సన్నగా 'టిమోలాల్' అని ఇంకో మందు కలిపి ఉంది. అది గుండె వేగం తగ్గించగలదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. నాకు చిన్నప్పట్నుంచీ పిల్లికూతలు. నాన్న డబ్బాలు చదివిన అలవాటే నన్ను కాపాడింది. ఒక్క మందే ఉండాలి, 0.03 శాతం ఉండాలి అని గట్టిగా చెప్తే రెండోరోజు తెప్పించాడు. నేను కొన్న సీసా 3 మిల్లీలీటర్లు, 480 రూపాయలు.

పొదుపు లెక్క ఇక్కడే అసలు ఆసక్తిగా ఉంటుంది. 3 మిల్లీలీటర్లంటే సుమారు వంద చుక్కలు. రాత్రికి ఒకసారి, కంటికి ఒక చుక్క. నెలకు అరవై. మిగతా నలభై చుక్కలు? నా సీసా మీద తెరిచిన నెలకు పారెయ్యమని ఉంది. వదినకు (మా ఆయన అక్క) ఈ సంగతి చెప్తే, "ఇద్దరం ఒకే సీసా వాడుకుందాం, సగం సగం వేసుకుందాం" అంది. లెక్క ప్రకారం ఇద్దరికీ నూట ఇరవై కావాలి, ఇరవై చుక్కలే తక్కువ. కానీ వదిన కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటుంది, ఆ చుక్కల్లో కలిపే ప్రిజర్వేటివ్‌ను మెత్తటి లెన్సులు పీల్చుకుంటాయి. పైగా రెండో బిడ్డ కోసం చూస్తున్నారు. "ముందు నువ్వు చూపించుకో వదినా" అన్నాను. ఓ వారం ముభావంగా ఉంది. నలభై చుక్కలు సింకులో పోయాయి, ప్రతి నెలా పోసేటప్పుడు ప్రాణం ఉసూరుమనేది.

డబ్బు మిగిలింది బ్రష్షుల దగ్గర. ఒకసారి వాడి పారేసే మైక్రో బ్రష్షులు, పార్లర్‌లో నాకు వాడినవే, హోల్‌సేల్ కాస్మెటిక్స్ కొట్లో వంద 150 రూపాయలు. కంటికొకటి, రాత్రికి రెండు. మూడు ప్యాకెట్లు తీసుకున్నాను. సీసా మూతి తగలకుండా పైనుంచి బ్రష్ మీద ఒక చుక్క. పైరెప్ప అంచున, కాటుక గీత గీసినట్టు ఒక్క గీత. కింద రెప్పకు రాయకూడదు, కన్ను ఆర్పితే తగిలేది చాలు. ఎక్కువైంది టిష్యూతో వెంటనే అద్దేయాలి. రెండుసార్లు రాస్తే రెండింతలు పెరగవు. ఖర్చూ దురదా మాత్రం పెరుగుతాయి.

మొదటి నెల ఏమీ లేదు. రెప్ప వెంట్రుక పెరిగే దశ సుమారు నెల, నెలన్నర. తర్వాత అది ఆగిపోయి, కొన్నాళ్లుండి రాలుతుంది. ఈ మందు ఆ పెరిగే దశను సాగదీస్తుంది. అందుకే పూర్తిగా ఫలితం కనిపించాలంటే 16 వారాలు అంటారు, అందుకే ఆపేస్తే మెల్లగా పాతవాటిలాగే అయిపోతాయి. మూడో నెలలో మా పాప, "అమ్మా, నీ కళ్లజోడు అద్దానికి వెంట్రుకలు తగులుతున్నాయి" అంది. బోసిచోటు నిండింది. పైరెప్పలు మాత్రం కాస్త నల్లబడ్డాయి. ఆఫీసులో "కాటుక బాగుంది" అన్నారు, థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.

నాలుగు నెలలు వాడి ఆపేశాను. నాలుగు సీసాలు 1,920, బ్రష్షులు 450, రెండు ఓపీలు, టెస్టులు కలిపి 4,220. ఆదివారం ఆటో విడిగా రాసుకున్నాను. నలుపు తగ్గింది. పొడవూ తగ్గుతోంది, ఇంకో రెండు నెలల్లో మామూలుకు వస్తాయేమో, రానీ. బోసిచోటు మాత్రం మళ్లీ పడలేదు. గుడ్డ కాపడం రాత్రిపూట ఇప్పటికీ చేస్తున్నాను. డాలస్ అక్కకు సీసాలు పంపలేదు. అక్కడ జనరిక్ దొరుకుతుందేమో మీ డాక్టర్‌ని అడుగు అన్నాను, ఇంకా అలిగే ఉంది.

నాన్న ఇప్పుడు తన సీసాకి ఎర్ర రబ్బరుబ్యాండు వేశారు. రాత్రి చుక్క వేశాక సీసా నా చేతిలోంచి తీసుకుని, దీపానికి ఎదురుగా పెట్టి ఒకసారి చూసుకుని, అప్పుడు డబ్బాలో పెడతారు.