వెనుక చక్రం వెడల్పు చేయించుకున్నాను: నా అనుభవం

మోటార్‌సైకిల్ వెనుక టైరు అరిగిపోయినప్పుడు అదే సైజు టైరు మళ్ళీ వేయించుకుని ఊరుకోవలసింది. నేను ఊరుకోలేదు. బండికి కంపెనీ ఇచ్చినది 2.75 అంగుళాల వెడల్పు రిమ్ము మీద 120/80-17 టైరు. నాకు 140/70-17 కావాలనిపించింది. చూడటానికి బాగుంటుందన్నదే అసలు కారణమని ఒప్పుకుంటాను గాని, కొనేముందు ఒక లెక్క కూడా వేసుకున్నాను. టైరు మీది సంఖ్యల్లో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది ఆ వెడల్పులో గోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 17 అంగుళాలంటే 431.8 మి.మీ. పాత టైరు గోడ ఎత్తు 120లో 80 శాతం, అంటే 96 మి.మీ.; కొత్త దాని గోడ 140లో 70 శాతం, అంటే 98 మి.మీ. రెండు గోడలూ కలిపితే పాత చక్రం వ్యాసం 623.8 మి.మీ., కొత్తది 627.8 మి.మీ. అవుతుంది. తేడా ఒక శాతం కూడా లేదు కాబట్టి గేర్ల నిష్పత్తి గాని, బండి ఎత్తు గాని చెప్పుకోదగినంతగా మారవు.

ఆ లెక్క కుదిరిన సంతోషంలో రిమ్ము సంగతి పట్టించుకోకపోవడం నేను చేసిన మొదటి తప్పు. 140/70-17 టైరుకు కనీసం 3.50 అంగుళాల రిమ్ము ఉండాలి, 4.00 అంగుళాలు ప్రామాణికం. నేను మాత్రం దానిని పాత 2.75 రిమ్ము మీదనే ఎక్కించాను. గాలి నిలిచింది, బండి నడిచింది. అయితే ఇరుకు రిమ్ము టైరు అంచులను దగ్గరకు లాగడం వల్ల దాని నెత్తి గుడ్డు కొనలాగా పైకి లేచింది. వెర్నియర్‌తో కొలిస్తే వెడల్పు 128 మి.మీ. మాత్రమే వచ్చింది. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. తగ్గుతుందన్న వాడుక లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది. బండి నిటారుగా ఉన్నంతసేపూ ఏమీ తెలిసేది కాదు గాని, మలుపులో కాస్త వంచగానే ఒక్కసారిగా పక్కకు ఒరిగేది. కొన్ని వారాలకే టైరు నడిమి పట్టీ మాత్రం అరగడం కనిపించింది. డబ్బు పెట్టి వెడల్పు టైరు కొని, దానిని సన్న టైరుగా వాడుకున్నానన్నమాట.

దాంతో చక్రమే మార్చాలని నిశ్చయించుకుని, కొంచెం బరువైన మరో బండికి వచ్చే 17×3.50 అల్లాయ్ చక్రాన్ని వాడినదే సంపాదించాను. 4.00 కాకుండా 3.50 ఎంచుకోవడానికి కారణం చైను. పాత టైరు అంచుకూ చైనుకూ మధ్య ఖాళీ 14 మి.మీ. ఉండేది. 3.50 రిమ్ము మీద 140 టైరు సుమారు 135 మి.మీ. వెడల్పుకు వస్తుంది, అంటే పాత 120 కన్నా ఒక్కొక్క పక్కకు 7.5 మి.మీ. ఎక్కువ, ఇక మిగిలేది 6.5 మి.మీ. 4.00 రిమ్ము అయితే 4 మి.మీ. మాత్రమే మిగిలేది. వేగంలో టైరు కొద్దిగా ఉబ్బుతుంది, చైను ఊగుతుంది కాబట్టి అంత ఇరుకున నడపడానికి నాకు ధైర్యం చాలలేదు.

తరువాతి చిక్కు యాక్సిల్, అంటే చక్రం ఇరుసు. నా బండిది 17 మి.మీ. లావు, ఆ చక్రానిది 20 మి.మీ. ఇక్కడ బేరింగుల కొలతల పట్టిక నన్ను ఆదుకుంది. ఆ చక్రం హబ్బులో, అంటే నడిమి భాగంలో, ఉన్నవి 6204 బేరింగులు: లోపలి రంధ్రం 20, బయటి వ్యాసం 47, మందం 14 మి.మీ. 6303 బేరింగుకు లోపలి రంధ్రం 17 గాని, బయటి వ్యాసం, మందం సరిగ్గా అవే. హబ్బును ఏమాత్రం ముట్టుకోకుండా బేరింగులు మార్చితే చాలునన్నమాట. కప్లింగ్ హబ్బులోని (వెనుక స్ప్రాకెట్‌ను, అంటే చైను తిప్పే పళ్ళ చక్రాన్ని, మోసే భాగంలోని) బేరింగు కూడా అదే కొలత కావడం కలిసివచ్చింది.

అయితే రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టాన్ని నేను తక్కువగా అంచనా వేశాను. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడి అంతా ఒక బేరింగు లోపలి వలయం నుంచి గొట్టం మీదుగా రెండవ బేరింగు లోపలి వలయానికి చేరాలి. పాత గొట్టం 20 మి.మీ. యాక్సిల్‌కు చేసినది కనుక లావుగా ఉండి, 6303 సీలు మీద రాసుకుంటుంది. అందుచేత లేత్ మీద కొత్తది తీయించాను. మొదట తీసిన గొట్టం 0.4 మి.మీ. పొట్టిదైంది. చేతితో చూస్తే తెలియని తేడా అది, కానీ నట్టు పూర్తిగా బిగించగానే లోపలి వలయాలు ఒకదానివైపు ఒకటి నొక్కుకుని చక్రం తిరగడమే మానేసింది. ఆ స్థితిలో బలవంతంగా నడిపితే బేరింగులు ఎంతో కాలం నిలవవు. హబ్బులో బేరింగులు కూర్చునే రెండు మెట్ల మధ్య దూరం మళ్ళీ కొలిచి, దానికన్నా 0.1 మి.మీ. ఎక్కువ పొడవుతో రెండవ గొట్టం తీయించిన తరువాత చక్రం హాయిగా తిరిగింది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది చైను వరుస. రెండు బండ్లదీ 520 చైనే కావడం వల్ల ఒక బెడద తప్పింది; 428 చైను లింకు దూరం 12.7 మి.మీ., 520 ది 15.875 మి.మీ. కనుక ఒకదాని స్ప్రాకెట్ మీద మరొకటి కూర్చోదు. కానీ కొత్త చక్రాన్ని స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) నడిమధ్యన నిలిపితే వెనుక స్ప్రాకెట్ ఇంజను దగ్గరి ముందు స్ప్రాకెట్ కన్నా 5 మి.మీ. బయటకు వచ్చింది. "చక్రాన్ని ఆ ఐదు మిల్లీమీటర్లు కుడికి జరిపితే సరి, ఎవరికి తెలుస్తుందండీ" అన్నాడు మెకానిక్. నేను కూడా సరేనన్నాను. ఇంటికి వచ్చాక, మేస్త్రీలు గోడ వరుస చూడటానికి పట్టే దారంలాంటిదే ఒకటి తీసుకుని, వెనుక టైరు చుట్టూ తిప్పి రెండు పక్కలా ముందు చక్రం దాకా లాగి పట్టాను. ముందు టైరుకూ దారానికీ మధ్య ఎడమ పక్క 12 మి.మీ., కుడి పక్క 22 మి.మీ. వచ్చింది. రెండు చక్రాలూ రెండు వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయని ఆ దారం చెబుతుంటే నిద్ర పట్టలేదు.

మర్నాడు చక్రాన్ని తిరిగి మధ్యకు తెప్పించి, లోపాన్ని రెండు చోట్ల పంచాను. ముందు వైపు, పళ్ళు 3 మి.మీ. బయటకు జరిగి ఉండే స్ప్రాకెట్ వేయించి, షాఫ్టు మీది గాడులు దానిని పూర్తి మందం మేరకు పట్టుకుంటున్నాయని చూసుకున్నాను. వెనుక కప్లింగ్ హబ్బు ముఖాన్ని లేత్ మీద 2 మి.మీ. తగ్గించాము. చైను 3 మి.మీ. బయటకు జరిగినందువల్ల టైరుతో దాని ఖాళీ 9.5 మి.మీ.కు పెరగడం నేను ఆశించని లాభం. చక్రాన్ని మధ్యలో నిలిపే పక్క బుష్షులు ఈ కొలతలన్నీ తేలిన తరువాతే తీయించాను; ముందే తీయించి ఉంటే అవి రెండుసార్లు పారేయవలసి వచ్చేది. ఈసారి దారం రెండు పక్కలా 17 మి.మీ. చూపించింది.

బ్రేకు కాలిపర్‌ను (డిస్కును నొక్కి పట్టే భాగాన్ని) పట్టే ముక్క స్వింగ్ ఆర్మ్ గాడిలో కూర్చోలేదు. దానికి అతుకు వెల్డింగ్ చేస్తామన్నారు. బ్రేకు వేసినప్పుడు పడే బలమంతా మోసే భాగానికి అతుకు పెట్టడం ఇష్టంలేక, ఒకే దిమ్మెలోంచి మిల్లింగ్ చేయించాను.

బండి రోడ్డెక్కే ముందు షాకబ్జార్బర్ విప్పి, జాకీతో చక్రాన్ని అది వెళ్ళగలిగినంత పైకి లేపి చూడగా, మడ్‌గార్డు లోపలి రెండు బోల్టులు టైరుకు తగులుతున్నాయని బయటపడింది. వాటి స్థానంలో తల పలుచని బోల్టులు వేసి, మడ్‌గార్డు లోపలా చైను గార్డు మీదా సుద్ద రాసి నడిపాను. సుద్ద చెరగలేదు.

ఇప్పుడు బండి మలుపుల్లో మునుపటిలా చటుక్కున ఒరగదు, కాస్త నెట్టి వంచాలి. వెడల్పు టైరు నేలను తాకే చోటు వంచినకొద్దీ పక్కకు జరుగుతుంది కనుక అదే మలుపుకు ఇంకొంచెం ఎక్కువ వంచవలసి వస్తుంది. చక్రం బరువెక్కడం వల్ల సిగ్నల్ దగ్గర బయలుదేరేటప్పుడు పికప్ తగ్గినట్టు స్పష్టంగా తెలుస్తుంది. వానలో నడిపిన ప్రతిసారీ చైనుకూ టైరుకూ మధ్య ఉన్న ఆ కాస్త సందులో బురద గట్టిపడుతోంది. పాత సన్న టైరుకు ఎన్నడూ చేయని పని, సన్నపుల్లతో దానిని తీసి కడగడం, ఇప్పుడు నా దినచర్యలో చేరింది.